కాలువ వెనకాల మనిషి: సర్ ఆర్థర్ కాటన్

దువ్వూరు నుంచి మైదుకూరు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే కేసీ కాలువ కింద వరి మళ్లు, పసుపు చేలు, ఉల్లి చేలు కనిపిస్తాయి. మా హాస్టల్లో ఉండే పిల్లల అమ్మానాన్నలు చాలామంది ఆ చేలల్లోకే నాట్లకూ కలుపులకూ పోతారు. కేసీ అంటే కర్నూలు, కడప అని పిల్లలందరికీ తెలుసు. ఆ కాలువ ఆలోచన ఎవరిదని అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పలేదు. తప్పు వాళ్లది కాదు, మనం చెప్పలేదు. గోదావరి జిల్లాల్లో అయితే చిన్నపిల్లలు కూడా కాటన్ దొర పేరు చెబుతారు. అక్కడ ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి. ఏ మతం వాళ్లయినా దండలు వేస్తారు. మన వైపు ఆయన పేరు పెద్దగా వినబడదు.

ఈ సంచికకు ఆయన గురించే రాయాలని నాకు అనిపించడానికి ఒక కారణం ఉంది. కిందటేడు ఇంటర్ రెండో సంవత్సరం చదివే ఒకమ్మాయి నా గదికొచ్చి, ఇక చదువు మానేస్తానని చెప్పింది. ప్రార్థనలో తనకు దేవుని పిలుపు వచ్చిందట. సేవకు పోయేవాళ్లకు లెక్కలూ ఫిజిక్సూ ఎందుకని ఆమె ప్రశ్న. మా హాస్టల్లో సేవాలాల్ మహరాజ్‌ను కొలిచే ఇళ్ల పిల్లలున్నారు, ఆదివారం చర్చికి పోయే పిల్లలున్నారు. ఎవరి నమ్మకానికీ నేను అడ్డం చెప్పను. ఆ అమ్మాయి పిలుపునూ నేను కాదనలేదు. కానీ పిలుపు వచ్చిందంటే పని నేర్చుకోవడం అక్కర్లేదన్నట్టు మాట్లాడింది చూడండి, అది నాకు నచ్చలేదు. ఆ రాత్రి భోజనాలయ్యాక వరండాలో కూర్చుని ఆమెకు చెప్పిన కథే ఇది. అప్పటికి నాకు సగమే తెలుసు. తక్కిన సగం తర్వాత చదివి తెలుసుకున్నాను.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. ఆ ఇంట్లో పదకొండు మంది అన్నదమ్ములు, ఈయన పదోవాడు. పేరున్న కుటుంబమే అయినా ఇంతమందిలో పదోవాడికి ఆస్తి ఏపాటి దక్కుతుంది? ఎవరి దారి వాళ్లు వెతుక్కోవలసిందే. పదిహేనేళ్ల వయసులో అడిస్‌కోంబ్‌లో ఈస్టిండియా కంపెనీ నడిపే సైనిక విద్యాలయంలో చేరాడు. 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం వచ్చింది. ఓడ ఎక్కకముందు వేల్స్ కొండల్లో సర్వే పని నేర్చుకున్నాడు. గొలుసుతో దూరాలు కొలవడం, లెవెల్ యంత్రంతో ఎత్తుపల్లాలు చూడడం, వాటిని పటంగా గీయడం, ఇవీ అక్కడ నేర్చిన పనులు. 1821లో మద్రాసులో దిగేనాటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. అంటే మన డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లల వయసు.

ఇండియాకు వచ్చిన కొత్తలో పెద్ద పనులేమీ ఆయనకు ఇవ్వలేదు. రామేశ్వరం దగ్గర పాంబన్ జలసంధిలో ఓడలు పోయే దారిని సర్వే చేశాడు. దక్షిణాది చెరువుల మరమ్మతులు చూశాడు. మధ్యలో బర్మా యుద్ధానికి పోయివచ్చాడు. ఆ రోజుల్లోనే ఆయన మనసు క్రైస్తవ విశ్వాసం మీద గట్టిగా నిలబడింది. బైబిలు, ప్రార్థన ఆయన బతుకులో రోజూ ఉండే పనులయ్యాయి. తర్వాతి కాలంలో నరసాపురం వైపు సువార్త పని చేసే మిషనరీలకు అండగా నిలిచాడు. ఇంత నమ్మకమున్నా ఉద్యోగం వదిలి పాదిరి కాలేదు. తన పిలుపు నీళ్ల దగ్గర ఉందని తెలుసుకున్నాడు. దేవుడు ఏటేటా వాన కురిపిస్తున్నాడు, ఆ నీళ్లు ఊరికే సముద్రంలో కలుస్తున్నాయి, ఒడ్డునే మనుషులు ఆకలితో చస్తున్నారు. దీన్ని చూస్తూ ఊరుకోవడం ఆయనకు పాపంగా తోచింది. జీవితమంతా ఈ మాటే రకరకాలుగా రాశాడు, వాదించాడు, పైవాళ్లతో పోట్లాడాడు.

ఆయన అసలు చదువు తంజావూరులో జరిగింది. తిరుచ్చి దగ్గర కావేరి రెండుగా చీలుతుంది. ఒక పాయ కావేరి, రెండోది కొల్లిడం. కొల్లిడం వాలు ఎక్కువ. ఏటికేడు నీళ్లు అటే లాక్కుపోతున్నాయి, కావేరి పాయ ఇసుకతో మేట వేస్తోంది, తంజావూరు పొలాలు ఎండిపోతున్నాయి. కొల్లిడానికి అడ్డంగా ఆనకట్ట కట్టాలి. చిక్కేమిటంటే నది అడుగున ఎంత తవ్వినా ఇసుకే. రాతినేల దొరకందే గోడ కట్టగూడదని ఇంజనీర్ల పుస్తకాలు చెబుతున్నాయి.

దారి చూపింది పుస్తకం కాదు. అక్కడికి దగ్గర్లోనే కల్లణై ఉంది. కరికాల చోళుడు కట్టించాడని చెప్పే ఆ ఆనకట్ట దాదాపు 2,000 ఏళ్ల నాటిది. దాన్ని కట్టినవాళ్లు రాతినేల కోసం వెతకలేదు. పెద్ద పెద్ద బండలు ఇసుక మీద పడేశారు, అవి కూరుకుపోయాయి, మళ్లీ పడేశారు. ఇక కూరుకోని దశ వచ్చాక వాటి మీద కట్టడం లేపారు. కాటన్ దాన్ని శ్రద్ధగా చూశాడు, పరీక్షించాడు, ఆ పద్ధతినే పట్టుకున్నాడు. ఇసుకలో పునాది వేయడం మేము ఈ దేశపు పాతవాళ్ల దగ్గరే నేర్చుకున్నామని తర్వాత ఆయనే ఒప్పుకుని రాశాడు. పాలించే జాతివాడు ఆ కాలంలో అలా రాయడం తక్కువ సంగతి కాదు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది ఈ చోటే. 1836లో కొల్లిడం మీద ఆనకట్టలు లేచాయి, తంజావూరు సీమ మళ్లీ పచ్చబడింది.

ఇక్కడ చిన్న సంగతి చెప్పాలి. లెవెల్ చూడడమంటే ఏమిటో మా పిల్లలకు అర్థం కాలేదు. హాస్టల్ మరమ్మతుకు వచ్చిన మేస్త్రీని బతిమాలి చూపించమన్నాను. ఆయన పారదర్శకంగా ఉండే పైపు నిండా నీళ్లు పట్టి, రెండు కొసలూ ఇద్దరమ్మాయిల చేతికిచ్చి దూరంగా నిలబెట్టాడు. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టానికి వచ్చి ఆగాయి. ఆ మట్టం నుంచి నేల ఇక్కడ ఎంత లోతుంది, అక్కడ ఎంత లోతుంది అని కొలిపించాడు. వాన నీళ్లు ఎప్పుడూ వంటగది ముందరే ఎందుకు నిలుస్తాయో ఆ సాయంత్రం తెలిసిపోయింది. కాలువ తవ్వేవాడి పని కూడా మూలంలో ఇదే. వాలు ఎక్కువైతే నీళ్లు గట్లు కోసేస్తాయి, తక్కువైతే ఒండ్రు పేరుకుంటుంది. మైలుకు కొన్ని అంగుళాల తేడాతో మైళ్లకొద్దీ నడపాలి. ప్రార్థన చేసి మొదలుపెట్టినా సరే, అంగుళం తప్పు కొలిస్తే నీళ్లు రావు.

కాటన్ ఆరోగ్యం ఎప్పుడూ అంతంతమాత్రమే. ఎండ, జ్వరాలు ఆయన్ను పదేపదే పడేశాయి. సెలవు మీద టాస్మానియాకు పోయినప్పుడు 1841లో ఎలిజబెత్ లెర్మంత్‌ను పెళ్లాడాడు. తిరిగొచ్చాక విశాఖపట్నంలో వేశారు. కుదురుగా ఉండే పని అని పైవాళ్లు అనుకున్నారేమో. అక్కడ చర్చి కట్టించాడు. అంతలో గోదావరి ఆయన్ను పిలిచింది.

అప్పటి రాజమండ్రి జిల్లా పరిస్థితి చెబితే ఇప్పుడు నమ్మరు. కోనసీమ అంటే మనకు కొబ్బరితోటలు గుర్తొస్తాయి కదా. 1830లలో అక్కడ మనుషులు ఆకలితో చచ్చిపోయారు. 1833 ప్రాంతపు కరువును డొక్కల కరువని పిలిచారంటే ఆ పేరులోనే అంతా ఉంది. 1839లో కోరింగ తీరాన్ని ఉప్పెన ముంచింది. 1821లో దాదాపు 7 లక్షల 38 వేలున్న జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. పక్కనే అంత పెద్ద నది పారుతోంది. వరదొస్తే ముంచుతుంది, వరద పోతే అందని లోతులో పారుతుంది.

కాటన్ ఆ ప్రాంతమంతా తిరిగి చూసి 1844లో నివేదిక రాశాడు. కంపెనీ దొరలకు జనం ఆకలి కంటే పన్నుల లెక్క ముఖ్యమని ఆయనకు తెలుసు. అందుకే నివేదికలో దయాధర్మాల మాటతో పాటు రాబడి లెక్కలూ వేశాడు. ఇంత ఖర్చు పెడితే ఇంత ఎకరా సాగులోకి వస్తుంది, ఇంత శిస్తు పెరుగుతుంది అని అంకెలతో చూపించాడు. అర్జీ రాసేటప్పుడు ఎదుటివాడి చెవికి ఎక్కే భాషలో రాయాలన్నది నేను నా ఉద్యోగంలో కష్టపడి నేర్చుకున్న సంగతి. ఈయన అప్పటికే నేర్చుకుని ఉన్నాడు. అనుమతి వచ్చింది.

1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. ఆ చోటు ఎందుకంటే, రాజమండ్రి దాటాక నది అక్కడ బాగా విప్పారుతుంది. వెడల్పు ఎక్కువైతే వరద లోతూ జోరూ తగ్గుతాయి. మధ్యలో లంకలున్నాయి, పక్కనే రాయి తీయడానికి కొండ ఉంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా ఆనకట్ట లేచింది. మొత్తం కట్టడం దాదాపు 12,000 అడుగులు, అంటే మూడున్నర కిలోమీటర్లకు పైనే. ఎత్తు మాత్రం 12 అడుగులే. ఇది నీళ్లు నిలవ చేసే డ్యాము కాదు. నది మట్టాన్ని కొంచెం పైకి లేపి రెండు పక్కలా కాలువల తూముల్లోకి నీళ్లు ఎక్కించడమే దీని పని. వరదొస్తే నీళ్లు దాని నెత్తి మీదుగా దాటిపోతాయి. అడుగున ఇసుకే. కాబట్టి తంజావూరు పాఠమే ఇక్కడా పనికొచ్చింది. బరువును వెడల్పుగా పరిచారు, దిగువన నీళ్లు పడేచోట ఇసుక కోసుకుపోకుండా బండరాళ్లు పరిచారు.

అడిగినంత మంది ఇంజనీర్లను పైవాళ్లు ఇవ్వలేదు. దొరికినవాళ్లలో కుర్రవాళ్లే ఎక్కువ, వాళ్లకు పని చేయిస్తూ పని నేర్పాడు. వీణెం వీరన్న అనే తెలుగు ఓవర్సీరు లేకపోతే ఆ పని సాగేది కాదు. వేలమంది కూలీలను సమకూర్చడం, వాళ్ల కూళ్లూ కూలీలూ చూడడం, జబ్బులొస్తే పారిపోకుండా నిలబెట్టడం ఆయన వంతు. రాయ్ బహదూర్ బిరుదు ఇచ్చారాయనకు. 1848లో కాటన్ ఆరోగ్యం బొత్తిగా దెబ్బతింది. కెప్టెన్ ఆర్‌కు పని అప్పగించి ఆస్ట్రేలియాకు పోయాడు. మనిషి లేకున్నా పని ఆగలేదు, ఎందుకంటే తనకు తెలిసింది ఆయన తన దగ్గరే దాచుకోలేదు. 1850లో తిరిగొచ్చి 1852 మార్చి 31కి పూర్తిచేశాడు. అదే ఆర్ తర్వాత విజయవాడలో కృష్ణ మీద ఆనకట్ట కట్టించాడు.

రాళ్లు మోసినవాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. కాటన్ దొర కట్టాడంటాం గానీ బండ కొట్టిన చేతులు, తట్ట మోసిన తలలు వేరు. కూలికి పోయే ఇళ్ల పిల్లలం కాబట్టి ఈ మాట మనమైనా అనుకోవాలి.

ఆయన దగ్గర పని నేర్చినవాళ్లలో హేగ్ అనే కుర్ర ఇంజనీరు కథ మన గిరిజన పిల్లలు తప్పక తెలుసుకోవాలి. కోనసీమకు నీళ్లు పోవాలంటే గన్నవరం దగ్గర గోదావరి పాయ మీదుగా కాలువను దాటించాలి. 49 కమానుల అక్విడక్టును హేగ్ ఒక్క పనికాలంలో లేపాడు. తర్వాత గోదావరి ఎగువన పడవలు నడిచేలా చేసే పని మీద దుమ్ముగూడెంలో మకాం పెట్టాడు. చుట్టూ కోయ గూడేలు. ఆయనా కాటన్ లాంటి విశ్వాసే. కోయవాళ్లను పట్టించుకునే నాథుడు లేడని చూసి చర్చ్ మిషనరీ సొసైటీని కదిలించాడు. అట్లా 1860ల్లో దుమ్ముగూడెంలో కోయల మిషను పుట్టింది. ఆ పనుల్లోనే ఉద్యోగం చేస్తున్న వెంకటరామరాజు అనే తెలుగాయన క్రైస్తవుడై, ఉద్యోగం వదిలి కోయల మధ్య సేవకు దిగాడు. ఒకాయన ఉద్యోగంలో ఉంటూ పిలుపు తీర్చుకున్నాడు, ఇంకొకాయన ఉద్యోగం వదిలి. మా అమ్మాయికి ఇది చెప్పినప్పుడు వెంకటరామరాజు వైపే మొగ్గింది. ఉద్యోగం వదలకముందు ఆయనకు ఉద్యోగం చేయడం వచ్చు కదమ్మా అన్నాను. నవ్వింది.

ఇక మన కాలువ సంగతి. కాటన్ కలలు ఒక్క గోదావరితో ఆగలేదు. దేశంలో నదులన్నీ కాలువలతో కలపాలని, వాటిలో పడవల మీద సరుకు పోవాలని ఆయన వాదన. రైళ్లకు పోసే డబ్బు కాలువలకు పోయమని పోరాడాడు. ఆ వాదనలో తరచూ కనిపించేది మన తాతల బతుకే. అప్పట్లో ఉప్పూ ధాన్యమూ లోపలి సీమలకు చేరేది సుగాలీల ఎద్దుల బిడారుల మీద. ఎద్దు మీద మోస్తే ఖర్చు ఎక్కువ, కరువు చోటికి తిండి సమయానికి చేరదు, పడవైతే చవక అని ఆయన లెక్క. లెక్క సరైనదే. కానీ రోడ్లూ రైళ్లూ కాలువలూ వచ్చాక ఆ బిడారుల గతి ఏమైందో ఏ ఇంజనీరూ లెక్క వేయలేదు. తీరం నుంచి ఉప్పు మోసి అమ్ముకునే ఎరుకలవాళ్లదీ ఇదే కథ. బతుకుదెరువు పోగొట్టి, ఆ తర్వాత వాళ్ల మీద నేరస్థ జాతులనే ముద్ర వేశారు. నీళ్ల పనులు మనకు అన్నీ తీపి జ్ఞాపకాలే కావు. పోలవరం కింద ఇళ్లు వదిలిన కోయ, కొండరెడ్డి పిల్లలను అడిగితే చెబుతారు. కాటన్‌ను గౌరవిస్తూనే ఇదీ చెప్పాలని నా అభిప్రాయం.

ఆయన ప్రోద్బలంతోనే 1858లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడింది. తుంగభద్ర నీళ్లు సుంకేసుల దగ్గర మళ్లించి కర్నూలు, కడప సీమల మీదుగా నెల్లూరు దాకా తేవాలని పథకం. కంపెనీ ఇంజనీర్లు 1860ల్లో తవ్వించి కడప దాకా, దాదాపు 300 కిలోమీటర్లు తెచ్చి ఆగిపోయారు. ఖర్చు అంచనాలు దాటిపోయింది. నీళ్లొచ్చినా రైతులు తీసుకోలేదు. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకునేవాడికి, వానకే పంట పండే ఏడాదిలో డబ్బులు కట్టి నీళ్లెందుకు? కంపెనీ నష్టాల్లో మునిగింది. నాకు తోచేదేమంటే, తంజావూరులో పాతవాళ్లను చూసి నేర్చినట్టు ఇక్కడి మెట్టరైతును ఎవరూ ముందుగా అడగలేదు. 1876లో ధాత కరువు వచ్చింది. రాయలసీమలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. అప్పుడు జనం ఈ కాలువ నీళ్లకే ఎగబడ్డారు. 1882లో కాలువను ప్రభుత్వం కొనుక్కుంది. కుందూ మీద రాజోలి ఆనకట్ట నుంచి మన వైపు వచ్చే నీళ్లు ఆ పథకంలో మిగిలినవే.

ఇంగ్లండులో ఆయనకు 1861లో సర్ బిరుదు ఇచ్చారు. బిరుదుతో పాటు నిందలూ వచ్చాయి. కాలువలకు డబ్బు తగలేయించాడని రైళ్ల పక్షంవాళ్లు ఎగతాళి చేశారు. 1878లో పార్లమెంటు కమిటీ పిలిచి ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. అప్పటికి ఆయనకు 75 ఏళ్లు. ఒక్క లెక్కా మర్చిపోకుండా జవాబులిచ్చాడు. కొన్ని వాదనల్లో మొండితనం ఉంది, రైళ్ల విషయంలో అతిగా పోయాడు కూడా.

ముసలితనంలో డోర్కింగ్ అనే ఊళ్లో ఉన్నాడు. తొంభై ఏళ్ల వయసు వైపు నడుస్తూ కూడా పెరటిలో నేలను లోతుగా తవ్వి గోధుమ వేసి, మామూలు దుక్కి కంటే ఎంత ఎక్కువ పండుతుందో కొలుస్తూ కూర్చునేవాడు. ఆయన బతుకు కథను కూతురు లేడీ హోప్ పుస్తకంగా రాసింది.

మా అమ్మాయి ఇంటర్ పూర్తిచేసింది. ఇప్పుడు సివిల్ డిప్లొమా చదువుతోంది. సేవకు పోయే మాట మానలేదు, సెలవుల్లో తండాలో ఆదివారం బడి నడుపుతుంది. మొన్న ఫోను చేసి, సర్వే ప్రాక్టికల్‌లో లెవెల్ రీడింగు మూడుసార్లు తప్పు వచ్చిందని, నాలుగోసారి కుదిరిందని చెప్పింది.

కాటన్ 1899 జూలై 24న, 96 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. మన వైపు నారుమళ్లు దున్నుకుని, కేసీ కాలువకు ఎప్పుడు నీళ్లు వదులుతారా అని రైతులు ఎదురుచూసే నెల అది.